కొంగుముడిలో గుల్లలు

చెవి మొట్టమొదటిసారి విన్న రోజున ప్రయోగశాలలో ముగ్గురే ఉన్నారు. డాక్టర్ మైలపల్లి నూకరత్నం, ఆమె దగ్గర పనిచేసే షంషుద్దీన్, కారియర్‌లో చేపల పులుసు పట్టుకొచ్చిన రత్నం తల్లి పోలమ్మ. ఆ పులుసు ఆ రోజు ఎవరూ తినలేదు. పొద్దున్నే లేచి చింతపండు పిసికి వండిన పోలమ్మకే దాని సంగతి గుర్తులేదంటే ఇక మీరే చూసుకోండి.

చెవి అంటే యంత్రం. ఆ పేరు పెట్టింది షంషుద్దీన్. ముప్పై ఏళ్ళు విశాఖపట్నం రేవులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసి రిటైరైన మనిషి, యంత్రానికి ముద్దుపేరు పెట్టందే దానిమీద చెయ్యి వెయ్యడు. ప్రయోగశాల అంటే కూడా గొప్పగా ఊహించుకోకండి. చేపల రేవు పక్కన మూతపడ్డ పాత ఐసు ఫ్యాక్టరీ. గోడలు మందం కాబట్టి బయటి గోల లోపలికి రాదని రత్నం దాన్ని ఏరికోరి తీసుకుంది. నాలుగేళ్ళుగా ఆమె అక్కడ చేస్తున్న పని చూసి యూనివర్సిటీలో పెద్దలు మొదట నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఆపైన మర్చిపోయారు.

పని ఏమిటంటారా? పడవ అడుగున తెల్లటి గుల్లలు పడతాయి కదా, జాలర్లు తిట్టుకుంటూ గీకి పారేస్తారే, అవే. ఆ గుల్ల రోజుకొక పొర సున్నం పోసుకుంటూ పెరుగుతుంది. ఆ పొర ఇంకా పచ్చిగా ఉండగా పడవలో ఏ చప్పుడైనా సరే, అడుగు దాకా పాకి ఆ సున్నంలో అచ్చు పడిపోతుందని రత్నం నమ్మకం. ఆ అచ్చును వజ్రపు మొనతో తడిమితే చప్పుడు తిరిగి రావాలి. రావాలి అనుకుంటూనే నాలుగేళ్ళు గడిచాయి, గరగర తప్ప ఏమీ రాలేదు.

ఆ రోజు పెట్టిన గుల్ల ఆమె తండ్రి మైలపల్లి గురువులు పడవది. గురువులు పోయి ఆరేళ్ళు. పడవ ఇసుకలో బోర్లా పడి ఉంది. మొన కదిలింది, గరగర మొదలైంది. షంషుద్దీన్ ఏదో మర తిప్పాడు. గరగరలోంచి మోటారు చప్పుడు, దాని వెనక అల చప్పుడు, ఆ తర్వాత ఒక మగ గొంతు.

“ఒరే కొర్లిగా, తాడొగ్గీరా. ఒగ్గీమన్నానా.”

పోలమ్మ చేతిలోని కారియర్ని బల్ల మీద కాకుండా గాల్లో పెట్టింది. అది కింద పడి దొర్లింది. ముగ్గురిలో ఒక్కరూ దానికేసి చూడలేదు. గొంతు ఇప్పుడు పేర్లు పిలుస్తోంది. ఒక్కో పేరుకి పడవలోంచి ఒక్కో మనిషి “ఓయ్” అంటున్నాడు.

జాలారిపేటలో అది ఆచారం. పడవ పెద్దని తండేలు అంటారు. పడవ కదిలేముందు తండేలు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఎక్కించుకోవాలి. తిరిగొచ్చాక ఒడ్డున నిలబడి మళ్ళీ అందరినీ పిలవాలి. అందరూ పలికాక, ఒడ్డున ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు చివరగా తండేలు పేరు పిలుస్తారు. అతను “ఓయ్” అన్నాకే ఆ వేట ముగిసినట్టు. గురువులు పాతికేళ్ళు తండేలుగా చేశాడు, ఒక్క పేరూ పలక్కుండా పోలేదని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గొంతు ఆగింది. షంషుద్దీన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. రత్నానికి గెంతాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ ఒకేసారి చెయ్యబోయి కుర్చీ తన్నేసింది.

“మల్లీ ఓపాలి ఎట్టమ్మా,” అంది పోలమ్మ.

రత్నం మొన కిందకి చూసింది. చిటికెడు తెల్లటి పొడి ఉంది. మొన చదువుతూ చదువుతూ పొరను అరగదీసేస్తుంది. ఒకసారి విన్న పొర ఇక ఉండదు. పోలమ్మ కూతురి మొహం చూసి తనే అర్థం చేసుకుంది. ఆ పొడిని వేలితో అద్దుకుని నుదుట రాసుకుంది, వంగి పులుసు తుడవడం మొదలుపెట్టింది.

రత్నం ఒక్క పరుగున ఇంటికెళ్ళి తమ్ముడు కొర్లయ్యకి చెప్పింది. అయ్య గొంతు వినబడిందిరా, నిన్ను తిట్టాడురా అని ఊపిరాడకుండా చెప్పింది. కొర్లయ్య వల అల్లుతున్నవాడు అల్లుతున్నట్టే ఆగిపోయాడు. సంతోషించాడనే అనుకుంది ఆమె.

“పెద్ద ఓడల అడుగున్న గుల్లలు కూడా సెప్తాయా అప్పా?” అన్నాడు.

ఎందుకు చెప్పవు, ఇనుము ఇంకా బాగా మోసుకొస్తుంది అంది రత్నం. వాడు తలూపి మళ్ళీ వల పట్టుకున్నాడు.

*

కొర్లయ్య తండ్రి తర్వాత తండేలయ్యాడు. మూడేళ్ళ కిందట ఒక ఏజెంటు మాట నమ్మి, తన జట్టు ఏడుగురినీ వెంటబెట్టుకుని ‘ఓషన్ లారెల్’ అనే పెద్ద చేపల ఓడలో పనికెళ్ళాడు. ఎక్కిన మర్నాడే కెప్టెన్ పాస్‌పోర్టులు లాక్కున్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు వాళ్ళకి ఒడ్డు కనబడలేదు, జీతం ఊసే లేదు, తప్పించుకుందామంటే చుట్టూ నీళ్ళు. ఎనిమిది మందిలో ఇంటికొచ్చింది కొర్లయ్య ఒక్కడే. ఓడలోంచి దూకేసి లైఫ్ జాకెట్టుతో తేలుతుంటే శ్రీలంక జాలర్లు తీసుకొచ్చారు.

వాడు చెప్పింది ఇదీ. ఒకరోజు గస్తీ ఓడ ఒకటి వచ్చి పక్కన నిలబడింది. కాగితాల్లో లేని కూలీలు దాని కంటపడకూడదని ఏడుగురినీ ఐసు గదిలో పెట్టి తలుపేశారు. కాగితాల్లో వంటవాడిగా పేరున్న కొర్లయ్యని మాత్రం పైన ఉంచారు. గస్తీ ఓడ పదకొండు గంటలు కదల్లేదు. తలుపు తీసేసరికి ఏడుగురూ పోయారు. తలుపు తీసెయ్యమంటారా అని కెప్టెన్ ఫోను చేస్తే, వద్దన్నది ఓడ యజమాని లెవెన్ హార్గ్.

మరి హార్గ్‌ని పట్టుకోవచ్చుగా అంటారు మీరు. పట్టుకోండి చూద్దాం. ఓడ మీద జెండా ఒక దేశానిది, కంపెనీ ఇంకో దేశంలో ఒక పోస్టు డబ్బా, కెప్టెన్ మూడో దేశంవాడు, వాడు కాస్తా జబ్బు చేసి చచ్చిపోయాడు. హార్గ్ నాలుగో దేశంలో దర్జాగా ఉన్నాడు. పోలీసుల దగ్గరికెళితే జరిగింది ఎక్కడో అన్నారు. ఎక్కడో ఉన్నవాళ్ళకి రాస్తే అది మా పరిధి కాదన్నారు. ఏడుగురు మనుషులు చచ్చిపోతే, వాళ్ళ చావు మాది అనే దేశం భూమ్మీద లేకపోయింది. రత్నం రాసిన అర్జీలు, వచ్చిన జవాబులు కలిపి ఒక ట్రంకుపెట్టె నిండాయి.

చివరికి మారిషస్‌లో, పోర్ట్ లూయీ ఊళ్ళో, సముద్ర నేరాల అంతర్జాతీయ న్యాయస్థానం కొత్తగా పెట్టారు. ఏ దేశానికీ చెందని నీళ్ళలో జరిగిన నేరాలు విచారించడానికే అది పుట్టింది. అక్కడ ప్రాసిక్యూటరు పేరు దేవిక అప్పాడు. వాళ్ళ ముత్తాతల ముత్తాత చెరకు తోటల కూలీగా విశాఖ రేవులోనే ఓడెక్కాడట. ఆవిడకి రామభజనల్లో పాడే తెలుగు తప్ప తెలుగు రాదు. అయినా రత్నంతో వీడియోలో మాట్లాడినప్పుడల్లా చివర్న దండం అని చెప్పి మరీ పెట్టేస్తుంది.

చెవి సంగతి రత్నం ఆవిడకి చెప్పిన రోజున దేవిక కుర్చీలోంచి లేచి నిలబడింది. హార్గ్‌ని కోర్టు వారంటు మీద పట్టుకున్నారు, వాడి ఓడనీ ఆపేశారు, వాడు బెయిలు మీదున్నాడు. కానీ వాడి తరఫు లాయరు రెండు మాటలు పట్టుకు వేలాడుతున్నాడు. ఒకటి, కూలీలు ఏదో రేవులో వాళ్ళంతట వాళ్ళే పారిపోయారు, హార్గ్‌కి ఏమీ తెలియదు. రెండు, ఒకవేళ ఏదైనా జరిగినా అది ఫలానా దేశపు నీళ్ళలో జరిగింది కాబట్టి అక్కడే విచారించాలి. ఆ ఫలానా దేశంలో హార్గ్ మాటకి తిరుగులేదు. ఒక్క సాక్షి నోటిమాట వీటికి చాలదు. ఇరవై రోజుల్లో గట్టి ఆధారం చూపించకపోతే కేసు కొట్టేస్తారు.

రత్నం నవ్వేసింది. గుల్లలో మాటే కాదు, ఉప్పు కూడా ఉంటుంది. ఒక్కో చోటి సముద్రానికి ఒక్కో రకం ఉప్పు. మొన అరగదీసిన పొడిని పరీక్షిస్తే ఆ పొర పోసుకున్న రోజున ఓడ ఎక్కడుందో మ్యాపు మీద చుక్క పెట్టి చూపించొచ్చు. అలా అయితే ఓడని మీ ఊరికే పంపిస్తున్నాను అంది దేవిక.

వారం తిరక్కుండా ‘ఓషన్ లారెల్’ విశాఖ డ్రై డాకులోకి వచ్చింది. మూడేళ్ళుగా గీకని అడుగు. గుల్లలు జానెడు మందాన పేరుకుని ఉన్నాయి. షంషుద్దీన్ కింద నిలబడి తల పైకెత్తి, అమ్మా, ఇది ఓడ కాదు, గ్రంథాలయం అన్నాడు. రేపు పొద్దున్నే గుల్లలు తియ్యడం మొదలుపెడదామనుకుని ఇద్దరూ సంబరంగా ఇంటికెళ్ళారు. ఆ రేపు అన్నదే వాళ్ళు చేసిన పొరపాటు.

*

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పెట్టెలు మోసుకుంటూ వెళ్ళేసరికి ఓడ అడుగు తళతళలాడిపోతోంది. పసుపు నీళ్ళు కారుతున్నాయి. ముందు భాగానికి కుంకుమ బొట్లు. కాపలా కానిస్టేబులు కొబ్బరి ముక్క నములుతూ నవ్వుతూ ఎదురొచ్చాడు. మీ పేటవాళ్ళు తెల్లారగట్ల వచ్చి ఎంత శుభ్రంగా చేసి వెళ్ళారో చూడండి మేడమ్ అన్నాడు.

చావు చూసిన పడవ రేవులోకి వస్తే దాని అడుగు గీకి, పసుపు నీళ్ళు పోసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాలి. లేకపోతే దాని పక్కనుంచి ఇంకో పడవ వేటకి పోకూడదు. తాతల నాటి ఆచారం. రత్నానికి తెలియదా? తెలుసు. యంత్రాల ధ్యాసలో పడి మర్చిపోయింది, అంతే. ఎవరు మొదలుపెట్టారని అడిగింది. మీ తమ్ముడే తండేలు కదా మేడమ్, మొదటి గీకుడు ఆయనే గీకాడు అన్నాడు కానిస్టేబులు.

ఇప్పుడు తిట్టే తీరిక కూడా లేదు. గీకిన గుల్లలు ఏమయ్యాయి? ఇంకేమవుతాయి, బుట్టలకెత్తి భీమిలి దారిలో సున్నపు బట్టీకి తోలేశారు. రత్నం ఆటో ఎక్కింది, షంషుద్దీన్ పరిగెత్తుతూ ఎక్కాడు. ఆ ఆటో అతను ఆ రోజు నడిపినట్టు జన్మలో నడిపి ఉండడు. రెండు సిగ్నళ్ళు దాటించాడు, ఒక అరటిపళ్ళ బండి తప్పించాడు, ఇంతకీ ఎవరికి సీరియస్ అని మధ్యలో అడిగాడు. ఏడుగురికి అన్నాడు షంషుద్దీన్.

బట్టీ దగ్గరికి చేరేసరికి పొగ వస్తోంది. బట్టీ యజమాని ఖాళీ చేతులు రెండూ చూపించాడు. పొద్దున్న మంటలో వేసిన తొలి విడతే అది. రత్నం పొగకేసి చూస్తూ అక్కడే ఇసుకలో కూలబడింది. ఆ మంటలో పదకొండు గంటల మాట కాలిపోతోంది. హార్గ్ ఇంటికెళ్ళిపోతాడు. తమ్ముడు చెప్పింది అబద్ధమని లోకం రాసుకుంటుంది. ఆమెకి కోపం, ఏడుపు కలిసొచ్చాయి, ఎవరున్నారని చూడకుండా ఏడ్చింది.

అప్పుడు బట్టీలో పనిచేసే ముసలామె ఒకతె నీళ్ళ చెంబు పట్టుకొచ్చింది. తాగు తల్లీ అంటూ ఓ మాట అనేసింది. పొద్దున్న తను వెళ్ళి గుల్లలు బండికెక్కిస్తుంటే పేటలో పిల్ల ఒకతె వచ్చి చిన్న గుత్తి తీసి కొంగున కట్టుకుపోయిందట, మొగుడు ఓడలో పోయినాడని.

రత్నం చెంబు కింద పెట్టకుండానే ఆటోకేసి పరిగెత్తింది.

*

ఆ పిల్ల ముత్యాలు. ఐసు గదిలో పోయిన సత్తయ్య భార్య. గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. కొంగు చివర పిడికెడంత ముడి.

సముద్రం శవాన్ని ఇవ్వకపోతే, ఆ పడవ ముక్క ఏదైనా తెచ్చి దాన్నే మనిషనుకుని ఇసుకలో పూడ్చి కర్మ చేస్తారు పేటలో. సత్తయ్యకి రెండేళ్ళయినా కర్మ కాలేదు. పూడ్చడానికి ఏమీ లేదు మరి. ఇన్నాళ్ళకి ఓడ వచ్చింది కాబట్టి గుత్తి తెచ్చుకుంది. రేపు అమావాస్యకి పూడుస్తానంది.

రత్నం అన్నీ చెప్పింది, దాచలేదు. ఆ గుల్లలు మాట్లాడతాయని చెప్పింది. మాట్లాడాక పొడైపోతాయనీ చెప్పింది. ముందుగా వినడానికి కూడా వీల్లేదు, ఒక్కసారే వినబడే సాక్ష్యం కాబట్టి మొదటిసారి జడ్జీల ముందు, ఇరుపక్షాల ఎదుటే వినాలని కోర్టు నియమం. అందులో ఏముందో, సత్తయ్య గొంతు ఉందో లేదో తనకి తెలియదని చెప్పింది. నీ మొగుడి శవాన్ని నాకిచ్చెయ్యమని అడుగుతున్నట్టే ఉందని అర్థమై, మధ్యలో మాట ఆపేసింది.

ముత్యాలు చాలాసేపు చేపలే తిరగేసింది.

“ఓపాలే ఇనిపిస్తాదా?”

“ఒక్కసారే.”

“అయితే నానుండాల. ముందు వరసలో కూకుంటాను. అలగైతేనే ఇస్తాను రత్నప్పా.”

కొంగు విప్పి గుత్తి చేతిలో పెట్టింది. తిప్పి చూస్తే వెనక ఓడ పెయింటు పెచ్చు ఊడివచ్చి అంటుకునే ఉంది, దాని మీద ఓడ నంబరులో సగం అంకె. ఇది ఆ ఓడదేనని రుజువు చేయడానికి అంతకన్నా ఏం కావాలి! రత్నం ముత్యాలుని గట్టిగా వాటేసుకుంది, ఎండుచేపల వాసనతో సహా.

ఇంటికొచ్చి ఆ వార్త చెబితే పోలమ్మ గంగమ్మకి దణ్ణం పెట్టింది. కొర్లయ్య లేచి బయటికెళ్ళిపోయాడు.

*

పోర్ట్ లూయీలో విచారణకి ముందురోజు సాయంత్రం. సముద్రపు గట్టు మీద జనం తిరుగుతున్నారు, ఎవరో వేయించిన పప్పు వడల్లాంటివి అమ్ముతున్నారు. ముత్యాలుని దేవిక తన ఇంటికి భోజనానికి తీసుకెళ్ళింది. భాష రాని ఇద్దరూ భజన పాటలు పాడుకుంటూ మాట్లాడుకుంటున్నారని షంషుద్దీన్ వచ్చి నవ్వుతూ చెప్పి వెళ్ళాడు. రత్నానికి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. రేపు ఈపాటికి లోకమంతా చెవి గురించే మాట్లాడుకుంటుంది. ఏ సముద్రంలో ఏ దొంగ ఓడ ఏం చేసినా దాని అడుగునే సాక్షి అంటుకుని ఉంటుంది. తమ్ముడికి అదంతా చెబుతూ నడుస్తోంది.

కొర్లయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు.

“అప్పా, ఆ ఓడ ఆచారానికి గీకనేదు నాను. భయానికి గీకినాను.”

మిగతాది వాడు నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు. ఏడుగురినీ ఐసు గదిలోకి కెప్టెన్ పొమ్మంటే వాళ్ళు పోలేదు. మొండికేసి నిలబడ్డారు. అప్పుడు కెప్టెన్ కొర్లయ్య వీపుకి తుపాకి ఆనించి, నీ మనుషుల్ని నువ్వే పంపు, గంటలో తీసేస్తాం అన్నాడు. కొర్లయ్య నమ్మాడు. పడవ ఎక్కించుకునేటప్పుడు పిలిచినట్టే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. తండేలు పిలిచాడు కాబట్టి ఓయ్ అంటూ ఒక్కొక్కరే లోపలికెళ్ళారు. గడియ వేసింది కూడా తనే. దానికి తాళం మాత్రం కెప్టెన్ వేసుకున్నాడు.

“నాను పిలిస్తే ఎల్లినారప్పా. నా మాటిని ఎల్లినారు.”

అందుకే వాడు తిరిగొచ్చాక ఒడ్డు పిలుపు పిలవలేదు. రెండేళ్ళుగా పేటలో ఆడవాళ్ళు అడగలేదు, పాపం ఒక్కడే మిగిలాడు, ఎలా పిలుస్తాడని ఊరుకున్నారు. వాళ్ళ జాలి తనని నమిలేస్తోందన్నాడు. రేపు గుల్ల అంతా చెబుతుంది. హార్గ్‌తోపాటు తన చెయ్యి కూడా బయటపడుతుంది. నువ్వేం చెయ్యాలో నేను అడగను అన్నాడు.

ఇంతలో ఫోను. పోలమ్మ. కొడుకు ముందే ఆమెకి చెప్పేశాడు కాబోలు. ఆమె గొంతులో ఏడుపు లేదు, అదే రత్నాన్ని భయపెట్టింది. మీ అయ్య గొంతుని పొడి చేసీసినావు, నానేటీ అననేదు, ఈడినైనా నాకుంచు, యంత్రం నీ సేతిలోనే కదా ఉంది అంది. అంతే, ఫోను పెట్టేసింది.

నిజమే, రత్నం చేతిలోనే ఉంది. మొనని వెంట్రుక వాసి పక్కకి పెడితే చాలు, పొర చితికి పిండైపోతుంది. కొత్త యంత్రం, మొరాయించిందంటే నమ్మనివాడు ఉండడు. అయ్యో పాపం అని అందరూ ఆమెనే ఓదారుస్తారు.

*

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ముగ్గురు జడ్జీలు, మధ్యలో తెల్లజుట్టు ఆవిడ పెద్ద జడ్జి. అద్దాల వెనక హార్గ్, బూడిదరంగు కోటులో, విసుగ్గా వాచీ చూసుకుంటున్నాడు. వాడి లాయరు లేచి, ఎవరో పల్లెటూరి ఆడమనిషి కొంగులో మూటకట్టుకొచ్చిన గవ్వల్ని సాక్ష్యమంటే నవ్వుతారని గంటసేపు ఉపన్యాసం దంచాడు. దేవిక లేచి పెయింటు పెచ్చు ఓడకి అతికించి ఉన్న ఫోటో తెర మీద వేసింది. సగం అంకె, సగం అంకె కలిసి నిండు అంకె అయింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్ద జడ్జి వినిపించమంది.

రత్నం చెవి ముందు కూర్చుంది. పక్కన షంషుద్దీన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుత్తిని బిగించింది. పొరలు లెక్కపెట్టి ఆ రోజు దగ్గర మొన ఆపింది. వేళ్ళ కింద చిన్న మర. కుడికి తిప్పితే మాట. ఎడమకి ఒక్క పిసరు తిప్పితే పిండి.

తల ఎత్తితే సాక్షుల వరసలో తమ్ముడు కనబడ్డాడు. తల దించుకుని ఉన్నాడు. వాడి పక్కన, ముందు వరసలో, ముత్యాలు. ఉతికిన చీర కట్టుకుంది. గుత్తి కట్టుకున్న కొంగు చివర ఇంకా నలిగే ఉంది, దాన్నే రెండు చేతులతో పట్టుకుని చెవికేసి చూస్తోంది. మల్లీ ఓపాలి ఎట్టమ్మా అని తల్లి అడిగిన రోజు రత్నానికి గుర్తొచ్చింది. ఈ పిల్లకి మొదటి ఓపాలి కూడా లేకుండా చేసే హక్కు తనకి ఎవరిచ్చారు?

మర కుడికి తిప్పింది.

గరగర. ఓడ ఇంజను. తెర మీద ఉప్పు లెక్క పరిగెత్తింది, మ్యాపు మీద ఎర్ర చుక్క వెలిగింది. ఏ తీరానికైనా ఎనిమిది వందల మైళ్ళు, ఏ దేశానికీ చెందని నీళ్ళు. దేవిక బల్ల మీద పిడికిలి బిగించింది. హార్గ్ లాయరు కాగితాలు వెతకడం మొదలుపెట్టాడు. ఆపైన, పంపకపోతే తుపాకి పేలుస్తానన్న కెప్టెన్ బెదిరింపు, వెనకే కొర్లయ్య గొంతు వచ్చాయి, హాలంతటికీ స్పష్టంగా.

“సత్తయ్య.” “ఓయ్.” “ఎర్రయ్య.” “ఓయ్.”

ఏడు పేర్లు, ఏడు ఓయ్‌లు, ఇనుప గడియ చప్పుడు. తెలుగు తెలిసిన దుబాసీ మొహం పాలిపోయింది, అయినా ఉన్నదున్నట్టు చెప్పాడు. ముత్యాలు కొర్లయ్యకేసి మెల్లిగా తల తిప్పింది. కొర్లయ్య కళ్ళు మూసుకున్నాడు.

చెవి, చప్పుడు లేనిచోట్ల దాటేస్తూ, ఉన్నచోట ఆగుతూ సాగింది. పదకొండు గంటలు నలభై నిమిషాల్లోకి వచ్చాయి. గంట అయింది తియ్యండి అని కొర్లయ్య వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలడం. దెబ్బ చప్పుడు. గడియ మీద గుద్దుడు. కెప్టెన్ ఫోను స్పీకరులో పెట్టి, వీళ్ళు చచ్చేలా ఉన్నారు, ఏం చెయ్యమంటారని అడగడం. అప్పుడు హార్గ్ గొంతు, తీరిగ్గా, కాఫీ తాగుతూ మాట్లాడుతున్నంత తీరిగ్గా, ఇంగ్లీషులో వచ్చింది. గస్తీ ఓడ పోయేదాకా తియ్యొద్దు, మనుషులు మళ్ళీ దొరుకుతారు.

అద్దాల వెనక వాచీ చూసుకోవడం ఆగిపోయింది. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. గెలిచాం, గెలిచాం అని రత్నం గుండె కొట్టుకుంటోంది, కానీ చెవి ఇంకా ఆగలేదు. తలుపు ఇవతల కొర్లయ్య గొంతు మళ్ళీ పేర్లు పిలుస్తోంది. నిద్రపోతే పోతారని తెలిసినవాడు, మెలకువగా ఉంచాలని పిలుస్తున్నాడు. ఏడుగురు పలికారు. కాసేపటికి మళ్ళీ పిలిచాడు, ఏడుగురు. మళ్ళీ పిలిచాడు, ఐదుగురు. వాడి గొంతు బొంగురుపోయింది. ముగ్గురు. చివరికి ఒక్కటే ఓయ్, సన్నగా, సత్తయ్యది. ఆ తర్వాత కూడా కొర్లయ్య పిలుస్తూనే ఉన్నాడు, పొర అయిపోయేదాకా. ఈ సంగతి వాడు గట్టు మీద అక్కకి చెప్పలేదు.

మొన ఆగింది. కింద చిటికెడు పొడి.

పెద్ద జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కేసు ఈ న్యాయస్థానం పరిధిలోదేనని, హార్గ్‌కి బెయిలు రద్దని చెప్పింది. ఆపైన కొర్లయ్యకేసి తిరిగింది. గడియ వేసిన చెయ్యి కూడా జవాబు చెప్పాలి, వీపున తుపాకి ఉన్న సంగతి విచారణలో తూకం వేస్తాం, అప్పటిదాకా కస్టడీలో ఉండాలి అంది. ఇద్దరు గార్డులు వచ్చి కొర్లయ్యకి చెరోపక్క నిలబడ్డారు. రత్నం లేవబోయింది.

లేచింది ముత్యాలు.

ఆమె చెవి దగ్గరికి నడిచి వచ్చింది. ఎవరూ ఆపలేదు. పొడిని కొంగు చివరకి ఎత్తుకుని ముడి వేసుకుంది. తిరిగి కొర్లయ్య ముందు నిలబడింది.

“ఒడ్డుకి తెచ్చీసినావు. ఇప్పుడు పిలు.”

కొర్లయ్యకి అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆ తర్వాత గార్డుల మధ్యే నిటారుగా నిలబడ్డాడు. దేవిక జడ్జీలకేసి తిరిగి రెండు మాటల్లో ఆచారం చెప్పింది. పెద్ద జడ్జి కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

“సత్తయ్య.”

“ఓయ్,” అంది ముత్యాలు.

“ఎర్రయ్య.”

ఎర్రయ్య తాలూకు వాళ్ళెవరూ అక్కడ లేరు. రత్నం గొంతు తనకి తెలియకుండానే ఓయ్ అంది. దానయ్యకి షంషుద్దీన్ పలికాడు. పెంటయ్యకి దేవిక పలికింది, భజన పాట యాసలో. రాములు, నరసింగు, లోవరాజు. ఒక్కో పేరుకీ హాల్లో గొంతులు పెరిగాయి, తెలుగు ముక్క రానివాళ్ళు కూడా పలికారు. పక్కన గుమాస్తా ఏడు పేర్లూ రికార్డులో రాసుకున్నాడు.

పేర్లు అయిపోయాయి. గార్డులు కొర్లయ్య భుజం మీద చెయ్యి వేశారు. వాడు తల దించి కదలబోయాడు.

“ఆగు,” అంది ముత్యాలు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి పిలిచినట్టే, చేతిలో ముడి పట్టుకుని, పేట దాకా వినబడేంత గట్టిగా పిలిచింది.

“కొర్లయ్య.”

రెండేళ్ళుగా ఆ పిలుపు కోసం చూస్తున్నవాడు నోరు తెరిచాడు. మొదటిసారి చప్పుడు రాలేదు. రెండోసారి వచ్చింది.

“ఓయ్.”